పెట్టె ఇంకా రాలేదు

పొద్దుగూకితే బల్లార్‌పూర్‌ల
పేపర్ మిల్లు వాసన ఎక్కువైతది.
అందుల్నే నాకిప్పుడు ఇంకో వాసన తగుల్తున్నది,
విప్పని అట్టపెట్టెది, ఆరని సిరాది,
ఇంకా ఎవలూ ముట్టని నూట పద్దెనిమిది బొమ్మలది.

దసరాకు అన్నరు ముందు. తర్వాత హోళీకి.
ఇప్పుడు సముద్రం మీద ఉన్నదట.
నీళ్ళ ఓడ మీద చుక్కల ఓడ!
పోశాలు నవ్వి నవ్వి ఛాయ్ పోసుకున్నడు అంగీ మీద.

నేను బొగ్గుగని దీపాల గదిల పనిచేస్త.
మొదటి పాళీకి ఐదున్నరకే కిటికీ తీస్త.
ఇత్తడి బిళ్ళ ఇటు, దీపం అటు.
దిగినోళ్ళ బిళ్ళలు మేకులకు ఊగుతుంటయి,
పైకొచ్చినంక ఎవల బిళ్ళ వాళ్ళకు.
ఒక్క మేకుకు ఒక్క బిళ్ళ మిగిలినా
ఆ పూట ఎవలూ ఇంటికి పోరు.

అందుకే కావచ్చు,
సుషమతాయి ఈ ఆట సంగతి చెప్పిన్నాడు
నియమాలు సదవకముందే నాకు సమజైంది:
నలుగురు. ఒక ఓడ.
బల్లకు అవతల పగోడు లేడు.
ఒడ్డుకు చేరితే నలుగురం, లేకుంటే ఎవలం కాదు.

ఇన్నేండ్లు పచ్చీసు ఆడినం.
పండిన కాయను సంపి చప్పట్లు కొట్టినం.
మా తమ్ముడు ఓడిపోయి మూడ్రోజులు అన్నం దగ్గర మాట్లాడలే.
సంపకుండ ఆడేది కూడ ఒకటుంటదని
ముప్పైతొమ్మిదేండ్లకు తెలిసింది.

ఓడ నడిపేది సుషమతాయి.
రాజురా తొవ్వల బొగ్గు లారీల నడుమ
ఆమె స్కూటీ ఎనుక కూసున్నోళ్ళకు
ఉల్కలంటే భయముండదు.
ఇంజను ఆత్రం లింగుకు,
మిల్లు బాయిలర్ దగ్గు విని రోగం చెప్పేటోడు.
మందులు పోశాలువి, దుకాణం అలవాటు,
బాకీ రాస్తడేమోనని మా అనుమానం.
నాకు గాలి లెక్క.
ఎవలికి ఎంత ఊపిరి మిగిలిందో రాసుడు.

నియమాల కాయితాలు జిరాక్సు తీసుకొచ్చినం.
తాయి ఇంగ్లీషుల సదివి మరాఠీల చెప్తది,
నేను తెలుగుల చెప్త,
లింగు గోండిల తనకు తనే గొణుక్కుంటడు.
మొన్న మూడు భాషలల్ల ఒకే తప్పు చేసినం,
ఓడ పేలిపోయింది.
అంటే చింతగింజలు కిందపడ్డయి.

అవును, చింతగింజలే రాక్షసులు.
బొగ్గు పెళ్ళలు గ్రహాలు.
మిల్లు అట్టముక్క మీద నా బిడ్డ చాక్‌పీసుతోని
గీసిన గీతలు ఆకాశం.
"ఇంకా రాని ఆటకు ఇంత లొల్లేందే అమ్మా?"
అని అడిగి, గీతలు తప్పైనయని
తనే తుడిచి మల్ల గీసింది.

నిన్న కరెంటు పోయింది.
డాబా మీదికి ఎక్కినం నలుగురం.
లింగు చూపిచ్చిండు: ఆ నాలుగు చుక్కలు ముసలవ్వ మంచమట,
పక్కపొంటి మూడు చుక్కలు దొంగలట.
అవ్వ నిద్రపోదు, వాళ్ళు మంచం ఎత్తుకపోరు.
ఎన్ని వేల ఏండ్ల సంది గిదే ఆట!
"మన పెట్టెల అవ్వ ఉంటదా?" అన్నడు పోశాలు.
లేకుంటే చేసుకుందాం, అట్ట ఉన్నది కద.

కథ ముప్పైఒక్క అధ్యాయాలట.
ఆదివారానికొకటి ఆడినా వానకాలం దాటి చలికాలం పడ్తది.
ఒక అధ్యాయంల పొరపాటు చేస్తే
పదో అధ్యాయంల కూడ దాని మచ్చ ఉంటదట.
లింగుకు వణీకి బదిలీ అంటున్నరు. ఖాయం కాదు.
మా గని ఇంకెన్నేండ్లో సాబులకే తెల్వదు.
ముప్పైఒక్క ఆదివారాలు
నలుగురం ఒక బల్ల సుట్టు కూసుంటమని
ఎవలు రాసిస్తరు?
అయినా పేర్లు రాసుకున్నం, నోటుబుక్కుల,
గాలి లెక్క పేజీ మీద.

ఇయ్యాల పొద్దున తాయి ఫోన్ చేసింది.
ఆమె గొంతు స్కూటీ హారన్ లెక్క ఉన్నది:
"ముంబైల దిగింది!"
దీపాల గదిల ఒక్కదాన్నే ఉన్న.
ఛార్జింగుల పెట్టిన దీపాలన్నీ
నా దిక్కే చూస్తున్నట్టనిపిచ్చింది.
సిగ్గైంది. అయినా ఎగిరిన, ఒక్కసారి.

ఇంటికొచ్చి బల్ల మీది గోడకు
నాలుగు మేకులు కొట్టిన.
సున్నం రాలింది, కిరాయింటామె అరిచింది.
బిళ్ళలు చేయాలె ఇంకా.
అట్టతోని చేద్దామా, రేకుతోనా?

ఆదివారం ఐదింటికి ఛాయ్ పెడ్త.
పెట్టె వచ్చినా రాకున్నా, రాండ్రి.