వెనక గోడ

మా ఇంటికి మూడు గోడలే ఇటుకవి.
నాలుగోది కొండ.
కట్టేటప్పుడు సిమెంటు చాల్లేదో,
కొండే జరగనందో,
మంచం కాళ్ళ వైపు రాయి అట్లాగే ఉండిపోయింది.
సున్నం కూడా పట్టదు దానికి.

చిట్టినగర్ రోడ్డు మీంచి నూట పద్దెనిమిది మెట్లు.
మొదటి నెలల్లో లెక్కపెట్టలేదు.
ఇప్పుడు నలభై దగ్గర ఆగుతాను,
నూర్జహాన్ పిన్ని గుమ్మంలో.
అడక్కుండానే స్టూలు బయటికొస్తుంది.
డెబ్బై ఆరు దగ్గర కుళాయి గట్టు.
తొంభై దగ్గర ఏమీ లేదు.
అక్కడ నడుం మీద చెయ్యేసుకుని
ఊరు చూస్తున్నట్టు నటిస్తాను.
సొరంగంలోకి దూరే ఆటోలు,
ఎండకి తెల్లబడ్డ డాబాలు,
అవతలెక్కడో రైలు కూత.
చూసేది మాత్రం
ఊపిరి ఎప్పుడు తిరిగొస్తుందా అని.

డాక్టరమ్మ ఎడమ వైపుకి పడుకోమంది.
పడుకున్నాను. ఎడమ తుంటి ఏడ్చింది.
కుడికి తిరగాలంటే
ముందు మోచెయ్యి, తర్వాత మోకాలు,
తర్వాత పొట్టని రెండు చేతుల్తో ఎత్తి
నిద్దరోయే పిల్లని పక్క మార్చినట్టు మార్చి,
ఆఖర్న నేను.
ఆలోపు గొంతులోకి పుల్లటి మంట.
తిన్నది పెరుగన్నమే,
దానికీ ఇంత కోపమా!

ఉంగరం మొన్న సబ్బు నురగతో తీశాం.
జోజప్ప లాగాడు, నేను అరిచాను,
ఆనక ఇద్దరం నవ్వాం.
ఇప్పుడది క్యాలెండరు మేకుకి వేలాడుతోంది.
కాళ్ళకి ఆయన చెప్పులే.
పాదాన్ని వేలితో నొక్కితే గుంట పడి
నన్నే చూస్తూ కాసేపు ఉండిపోతుంది.
"బీపీ బాగానే ఉంది, ఉప్పు తగ్గించు,"
అంది ఆశా కార్యకర్త సామ్రాజ్యం.
ఆవకాయ జాడీ వైపు చూశాను.
జాడీ నా వైపు చూడలేదు.

రాత్రి రెండున్నర.
ఆటోనగర్లో ఆయన
ఎవరి బస్సుకో రేకులు అతుకుతూ ఉంటాడు.
నాలుగోసారి బయటికెళ్ళొచ్చి
సెల్లు లైటు ఆర్పి కళ్ళు మూశానో లేదో
కుడి పిక్క పట్టేసింది.
తడి దుప్పటిని పిండినట్టు,
నీళ్ళన్నీ పోయాక కూడా పిండినట్టు.
వంగి పట్టుకుందామంటే మధ్యలో పొట్ట.
నా కాలు నాకు పొరుగూరైపోయింది.
అమ్మా అన్నాను.
అమ్మ తాడికొండలో నిద్రపోతోంది.

మే నెలంతా తిట్టాను ఈ రాయిని.
పగలు తాగిన ఎండంతా
అర్ధరాత్రి దాకా మా మీదికే వదుల్తుంది.
రెండు దాటాక మాత్రం
ఎక్కడ దాచుకుందో ఏమో,
లోపల్నుంచి చల్లదనం తెచ్చుకుంటుంది.
మడమ ఆనించి
వేళ్ళు నా వైపుకి లాక్కుని
తోశాను.

తలుపుని తోస్తే తలుపు జరుగుతుంది.
మొగుణ్ణి తోస్తే మొగుడూ జరుగుతాడు,
గొణుక్కుంటూ.
కొండ జరగలేదు.
నేనెంత తోస్తే అంతా తిరిగిచ్చింది.
పన్నెండు లెక్కపెట్టేసరికి
పిక్క మెల్లిగా ముడి విప్పింది.

చెమట తుడుచుకుంటున్నాను,
డొక్కలో ఒక చిన్న మడమ
ఆనింది. తోసింది.
దానికీ పట్టేసిందేమో పాపం,
చీకట్లో, ముడుచుకుని ముడుచుకుని.
దాని గోడని నేను.
పళ్ళు బిగబట్టి అట్లాగే ఉన్నాను.
జరుగుదామన్నా చోటెక్కడ?
"తన్నుకో తల్లీ,
పన్నెండు దాకా లెక్కపెట్టుకో," అన్నాను.
దానికి లెక్కలింకా రావు.
తెల్లారే దాకా తన్నింది.

పొద్దున్నే ఆయనొచ్చాడు ఇనప వాసనతో.
"పడుకున్నావా?"
"ఆఁ."
లుంగీ కట్టుకుంటూ రాయి దగ్గర వంగాడు.
"ఏంటిది, నూనె మరక?"
రాత్రి కాళ్ళకి రాసుకున్న కొబ్బరినూనె.
మడమ, పక్కన అయిదు చుక్కలు,
వాచిన పాదం కదా, కాస్త పెద్దగానే పడింది.
తుడవబోతే వద్దన్నాను.
ఎందుకన్నాడు.
ఏం చెప్పను?
టీ పెట్టమన్నాను.

ఇవాళ చెకప్పు. మళ్ళీ దిగాలి.
దిగేటప్పుడు మోకాళ్ళు,
ఎక్కేటప్పుడు ఊపిరి,
ఈ మెట్లు దేన్నీ ఊరికే వదలవు.
పిన్నీ,
స్టూలు కాస్త నీడలో వెయ్యి,
వస్తున్నాను.