సందు

మొగిలి మెకానిక్ బానెట్ మూసి
పద్దెనిమిది వేలన్నడు.
బోరు, హోనింగు, మజూరి,
చేతులు తుడుసుకుంట ఒక్కొక్కటే చెప్పిండు
డాక్టరు లెక్క.

బడి యూనిఫారాలేసుకొని పరకాల పోయొస్తె
పావు లీటరు ఆయిలు తాగుతది నా మారుతి.
సిగ్నల్ కాడ నీలం పొగ.
ఎనుక బండోళ్లు నన్ను తిట్టేది
అద్దంల కనిపిస్తది, ఇనవడది.

మా సందుల మూడో ఇల్లు మదార్ చిచ్చాది.
ముప్పై నాలుగేండ్లు కాజీపేట డీజిల్ షెడ్డు.
"మాకాడ పిస్టనంటె బిందె,
ఇది చాయ్ గిలాస" అని నవ్విండు.
ఒక కంటికి ఆపరేషనైంది, ఒకటి కావాలె.
"నీకు కండ్లున్నయి, నాకు గోరుంది,
రింగులు కొనుక్కరా."

ఆదివారం. సందుకు అడ్డంగ పరదా పరిచినం.
హెడ్డు లేపినం. నేను కిందికి దూరి సంపు ఇప్పిన.
నల్లాయిలు మోచేతి దాంక కారింది.
"బేరింగు టోపీలు జాగ్రత్త,
ఎవ్వలి టోపీ ఆల్లకే."
నేను దర్జీదాన్ని, కలుపుతనా?
ఒకటో నంబరుకు ఎర్రదారం,
రెండుకు పచ్చ, మూడుకు తెల్ల,
కట్టి చాటల పెట్టిన.

సుత్తె పిడితోని మెల్లగ నూకితె
మూడు పిస్టన్లు పైకచ్చినయి
నెత్తి మీద బొగ్గు ఎత్తుకొని.
పాత రింగులు అరిగిన మట్టెలోలె
నోరు తెరుసుకొని ఉన్నయి.
అండ్ల ఒకదాన్ని ఇరగ్గొట్టి
ఆ ముక్కతోనే గాడిల బొగ్గు గీకమన్నడు.
ఏండ్లకేండ్లు అండ్లనే ఉన్నది గద,
మూలమూలకు పోతదట.

కొత్త రింగును ఉత్తదాన్నే బోరులకు దించినం.
మొనకు మొన కలుస్తలేదు. సందు.
నా గుండె జారింది. కొత్తది గూడ లూజేనా?
పోచమ్మమైదాన్ దుకాణం దాంక మల్ల పోవాల్నా?
"రేకు పెట్టి చూడు."
"ఇరవై దూరుతుంది, నలభై దూరుతలేదు."
"మంచిదే."
"మంచిదెట్ల?"
తలుపుల నుంచి నా మిషన్ దిక్కు చెయ్యి చూపెట్టిండు.
"బడిపిల్లల లంగలకు లోపట మడతెందుకు ఇడుస్తవు?"
"ఎదుగుతరని."
"ఇనుమేం పాపం చేసింది?
ఏడెక్కితె అది గూడ ఎదుగుతది.
జాగ లేకుంటె మూతులు కొట్టుకొని ఇరుగుతది,
గోడంత గీరుతది."

రెండో పిస్టన్, రెండో రింగు
నా చేతులనే ఇరిగింది.
చిన్న సప్పుడు, గాజు పలిగినట్టు.
సెట్టుగనే అమ్ముతరు, ఒక్కటి అమ్మరు.
చిచ్చా ఏమనలే. చాయ్ అడిగిండు.
సగం తాగినంక అన్నడు:
"నూటపదకొండు ఇరగ్గొట్టినంక
నేను లెక్కవెట్టుడు బందువెట్టిన."

మా పెద్దది సైకిలేసుకొని మొగిలి ఇంటికి పోయింది.
ఏ బండిదో మిగిలిన సెట్టుల ఒకటి దొరికింది.
పైసలు తీసుకోలేదట
ఆ పద్దెనిమిది వేలాయన.

పొద్దుగూకంగ ఎక్కిచ్చినం.
మూడు సందులు ఒక్క వరుసల రావద్దట:
ఒకటి మడికొండ దిక్కు,
ఒకటి స్టేషను దిక్కు,
ఒకటి మా ఇంటి దిక్కు తిప్పిన.
నూనె డబ్బ రేకు కత్తిరించి నడుముకు చుట్టి
క్లిప్పు బిగిస్తె, రింగులు లోపటికి ముడుసుకున్నయి,
ఊపిరి బిగవట్టినట్టు.
ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క గిలాస దిగింది.
ఎర్రదారం ఇప్పిన. పచ్చది ఇప్పిన.
తెల్లది నల్లగైంది, కత్తెరతోని కోసిన.

మూడోపారి సెల్ఫుకు అందుకుంది.
ముందు పొగొచ్చింది. నా మొఖం చూసిండేమో,
"పూసిన ఆయిలది, కాలనియ్" అన్నడు.
కాలింది.
చీకట్ల ఆయనకు పొగ కనిపియ్యది గద,
సైలెన్సరు ఎనుక అరచెయ్యి పెట్టి
ముక్కు కాడికి తెచ్చుకున్నడు.
చానా సేపు వాసన చూసిండు.
"ఐదువందల కిలోమీటర్లు మెల్లగ తోలు,
గోడకు అలవాటు కావాలె."

పరదా మడతవెడుతుంటె
చాటల ఒక బోల్టు మిగిలింది.
చిచ్చా ఏళ్లతోని తిప్పి తిప్పి చూసిండు,
నేను కండ్లతోని చూసిన.
ఎక్కడిదో ఇద్దరికి తెల్వలే.

ఇప్పటికి ఆరు నెలలు.
మిషన్ సొరుగుల సూదుల పక్కన్నే ఉన్నది.
మొగిలికైతె చెప్పలే.