గోలీ వాళ్ళమ్మ

తెల్లవారుజామున నాలుగింటికి
హాంకాక్‌లో మేలుకుని ఉండేవి రెండే:
మంచు తోసే లారీ, మా వంటింటి దీపం.
లారీలో వెస్, మా ఆయన.
మేం వెళ్ళే దారి తనే ముందు శుభ్రం చేసి
మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొడతాడు.
ఆట చూసే యోగం మాత్రం అతనికి లేదు.
ఓవర్‌టైం లేకపోతే ఫీజు లేదు.

వెనక సీట్లో ఎలియాస్, పదేళ్ళు,
తనకన్నా పెద్ద సంచీ మీద తల ఆనించి.
ఆ సంచీ వాసన సంగతి అడక్కండి.
తడి తోలు, ఏడాదంతా ఆరని చెమట,
ఎప్పటిదో ఒక అరటిపండు.
మొదట్లో కిటికీ దించేదాన్ని.
ఇప్పుడా వాసన లేని కారెక్కితే
ఏదో మరిచిపోయి బయల్దేరినట్టుంటుంది.

ఎలా మొదలైందే ఇదంతా, అంటుంది మా అక్క ఐలీ.
ఎలాగంటే,
వాడి ఏడో ఏట, పార్కింగ్ స్థలంలో
తాళంచెవులు వెతుక్కుంటూ ఒక కోచ్
"మీవాడిలో ఏదో ఉందండీ" అన్నాడు.
ఏముందో చెప్పలేదు.
కారెక్కి వెళ్ళిపోయాడు.
ఆ ఏదో కోసం
ఎస్కనాబా వెళ్ళాం, గ్రీన్ బే వెళ్ళాం,
సరస్సు అంచు పట్టుకుని డలూత్ దాకా వెళ్ళాం,
మా అమ్మ పుట్టినరోజులు రెండు వదిలేసుకుని మరీ వెళ్ళాం.

కాలేజీ స్కాలర్‌షిప్ అంటారందరూ. నేనూ అంటాను.
ఒక రాత్రి మోటెల్ బాత్రూంలో గడియ పెట్టుకుని
బిల్లులన్నీ లెక్క కట్టాను.
ఆ డబ్బుకి కాలేజీ చదువు ఎప్పుడో వచ్చేసేది.
కాగితం చింపి నీళ్ళు వదిలేశాను.
నడిమధ్య దాకా ఈదినవాడికి
ఏ ఒడ్డు దగ్గరో చెప్పకూడదు.

నిజం చెప్పనా?
పళ్ళ డాక్టరు గారి ముందు గదిలో
పద్నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాను.
చెంప వాచి వచ్చినవాళ్ళు నా పేరడగరు.
ఇక్కడ, గాజు పలక వెనక,
వాడు కాలు చాపి పక్‌ని ఆపగానే
రెండు వందలమంది మా ఇంటిపేరు అరుస్తారు.
కార్వొనెన్! కార్వొనెన్!
నా పెళ్ళిలో కూడా ఎవరూ అలా అరవలేదు.
వాడు వదిలేస్తే ఎవరూ ఏమీ అనరు.
అందరూ కాఫీ కప్పులోకి చూస్తారు.
నేనూ చూస్తాను. అందులో ఏమీ ఉండదు.

ఆ కాఫీ తెచ్చేది మార్లిస్.
ఆవిడ విడాకుల కాగితాలు నా కార్లోనే సంతకమయ్యాయి,
రెండో పీరియడ్‌కీ మూడోదానికీ మధ్య.
ఇది మానేస్తే శనివారాలు నేనెవరి పక్కన కూర్చోను?

ఇంకోటుంది.
తిరుగు ప్రయాణంలో, చీకట్లో,
మొహాలు కనబడనప్పుడు వాడు మాట్లాడతాడు.
మంచు కింద చేపలకి చలేస్తుందా?
చచ్చిపోయే ముందు తాతయ్య భయపడ్డాడా?
ఇంట్లో మూడు నెలల్లో అడగనివి
నాలుగు గంటల రోడ్డు మీద అడుగుతాడు.
ఆ నాలుగు గంటలకి ఎంతడిగినా కడతాను.
ఈ ముక్క వెస్‌కి చెప్పలేదు.
అతనికి ఆ గంటలు లేవు.

మొన్న జనవరిలో, గ్రీన్ బేలో, తుఫాను.
ఆటలు రద్దు. రోడ్లు మూత.
మూడు జట్ల పిల్లలు మోటెల్ నడవాలో
మేజోళ్ళు ఉండచుట్టి
మోకాళ్ళ మీద పాకుతూ ఆడుతున్నారు.
ఎవరిది ఏ జట్టో తెలీదు.
ఐస్ మెషీనుకీ చెత్తబుట్టకీ మధ్య గోలు.
మావాడు ఐదు వదిలేశాడు, ఆరు వదిలేశాడు,
ప్రతిసారీ వెల్లకిలా పడి
కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.
మేం పెద్దవాళ్ళం గోడ వెంబడి నిలబడ్డాం,
చల్లారిన పాస్టీలు చేతిలో పట్టుకుని,
ఎటు చూసి అరవాలో తెలీక.

ఏడు.

నోట్లోంచి ఎలా వచ్చిందో,
"స్కోరెంతరా?" అన్నాను.

పిల్లలందరూ ఆగిపోయారు.
ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.
"లెక్కపెట్టట్లేదమ్మా" అన్నాడు వాడు.
మేజోళ్ళ ఉండ చేతిలోకి తీసుకుని
కాసేపు దాన్నే చూసి,

"పెట్టాలా?"