నాలుగో మెట్టు

మండిబజార్ల ఆఖరి షట్టర్ పడ్డంక
మా పొద్దు పొడుస్తది.
రెండు ఫ్లడ్ లైట్లు, ఒక జేసీబీ,
పరకాల నుంచి వచ్చిన నేను,
నా చేతుల ఎవరో ఎన్నడో గీసిన మ్యాపు.
మడతల కాడ చిరిగి
సరిగ్గ మేం తవ్వాల్సిన గల్లీయే మాయమైన మ్యాపు.

పాత మోరీ లైను ఎక్కడ పోతదో
ఆఫీసుల ఎవ్వరికీ తెల్వది.
తెలిసినాయన ఒక్కడున్నడని
శివనగర్ నుంచి ఆటోల తోలుకొచ్చిన్రు.
పేరు కట్టయ్య. రిటైరై పదకొండేండ్లు.
చెప్పులు ఇడిసి రోడ్డు మీద నడిసిండు,
నిద్రపోయే పిల్ల పక్క నుంచి నడిసినట్టు.
బంగారం దుకాణం ముందు ఆగి
గడ్డపారతోటి రెండు దెబ్బలు కొట్టి, చెవి ఒంచి,
"గీడ" అన్నడు.

తారు మీద తారు, నాలుగు పొరలు.
దాని కింద మొరం.
మొరం కింద బకెట్ పండ్లు ఇనుప మూతకు తగిలి కిర్రుమన్నయ్.
యాకూబ్ ఇంజన్ బంద్ చేసిండు.
మూత లేపి, ఆరబెట్టి, గాలి మీటర్ దింపుతుంటే
వెనుక నుంచి కట్టయ్య:
"దిగేటోళ్లు పైలం. నాలుగో మెట్టు లేదు."

టార్చి కొట్టి చూసినం.
ఒకటి, రెండు, మూడు,
గోడల తుప్పు కారిన రెండు బొక్కలు,
ఆ కింద ఐదు.
ఎట్ల తెలుసని ఎవ్వరడగలే.
నేను కూడా.

కొత్త పైపులు వారం నుంచి రోడ్డు పక్కనే పండుకున్నయ్.
పదహారొందల మిల్లీమీటర్లు,
నా ఎత్తు కన్నా రెండు వేళ్లు ఎక్కువ.
పగటిపూట హమాలీలు వాటిల కునుకు తీస్తరు.
ఒకదాని మీద మూలశంక మందు కాగితం అంటిచ్చిన్రు.
బడి ఇడిసినంక ఒక పిలగాడొచ్చి
పైపుల తన పేరు తనే పిలుసుకుంటడు,
పైపు రెండుసార్లు పలుకుతది.

బంగారం సేటు రోజూ అడిగేదే:
"ఉన్నది పారుతనే ఉండె గదమ్మా, ఈ డూప్లికేట్ ఎందుకు?
పెండ్లిండ్ల సీజన్ల మా గిరాకీ మోరీల కలిపిన్రు."
నేను బట్టీ పట్టిన జవాబు చెప్తా:
ఒకటి అడ్డంపడితే నీళ్లు రెండోదాంట్లకు మళ్లుతయ్,
మొదటిదాన్ని మిషన్‌తోటి కడుగొచ్చు,
మనిషి దిగే పని లేదు.

ఆ రాత్రి చాయ్ తాగుకుంట కట్టయ్య ఇన్నడు.
"మంచిగైంది బిడ్డా, పైపుకు జోడీ దొరికింది."
జరసేపు ఆగి,
"సదానందం కింద, నేను మీద, తాడు పట్టుకొని…"
ఇంకేమనలే.
గ్లాసు అడుగున మిగిలిన చాయ్
గుంతల పడకుంట దూరం జరిగి పారబోసిండు.

మూడింటికి క్రేన్ పైపును దింపింది.
రబ్బరు రింగుకు సబ్బునీళ్లు రాసినం
గాజులామె మణికట్టుకు రాసినట్టు.
ఒక్క తోపుకు అతికింది.
లెవెల్ బుడగ అటు ఇటు కొట్టుకాడి నడుమల నిలిచింది.
వాన రానంత కాలం ఇది ఖాళీగనే ఉంటది.
ఖాళీగ ఉండుడే దీని కొలువు.

నెల పోయినంక నేనిచ్చిన డ్రాయింగుల
లోతు రాసిన, వాలు రాసిన,
పాత మ్యాన్‌హోల్ కాడ చుక్క పెట్టి
"నాలుగో మెట్టు లేదు" అని కూడా రాసిన.
ఆఫీసు దానికి ఎర్రగీత చుట్టి
"అనవసరం" అని తిప్పి పంపింది.
కొట్టెయ్యలే. అట్లనే మల్ల పంపిన.

ఆ తెల్లారుజామున మాత్రం
అంతకుముందు వారమే కట్టిన కొత్త మ్యాన్‌హోల్ అంచున కూసొని
కట్టయ్య నన్ను టార్చి కొట్టమన్నడు.
"లెక్కపెట్టు బిడ్డా."
నారింజ రంగు మెట్లు.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
"మల్ల అను."
"నాలుగు."

పాలబండి ఇనుపరేకుల మీదికెళ్లి దడదడ పోయింది.
లేచి చెప్పులు ఎతుక్కున్నడు.
ఒకటే దొరికింది.
రెండోది మొరం కింద ఎక్కడున్నదో
ఆయనకూ తెల్వలే.