బోడిగుండుకీ మోకాలికీ

రాష్ట్రం టోర్నమెంటు ముగిసిన మర్నాటి నుంచి
ఓట్టేరిలో మా హౌసింగ్ బోర్డు మెట్లెక్కి
కాలేజీలవాళ్ళు రావడం మొదలైంది.
గుమ్మంలో చెప్పులు విడిచేవాళ్ళు కొందరు,
విడవాలా అని అడిగేవాళ్ళు కొందరు.

అక్క పేరు పెంచలమ్మ.
జెర్సీ మీద పెంచల్, పేపర్లో పంచల,
ఒకరు తెచ్చిన కేకు మీద పాంచాలి.
పేరు ఎవరికీ సరిగా రాలేదు గానీ
ఎత్తు మాత్రం అందరికీ కంఠతా వచ్చు:
ఆరడుగుల ఒకటిన్నర.

మొదటాయన అన్నాడు: చెక్క ఫ్లోరమ్మా,
అడుగేస్తే నీ నీడ నీకే కనిపిస్తుంది.
ఫీజు లేదు, హాస్టలు ఉచితం, రోజుకి నాలుగు గుడ్లు.
రెండో ఆవిడ: ఆరు గుడ్లు.
కోడిపెట్టల వేలం పాటలా ఉందే అని నాన్న నవ్వాడు.

మూడో ఆయన గుడ్ల ఊసెత్తలేదు.
డిగ్రీ కాగానే రైల్వే ఉద్యోగం, నాదీ పూచీ అన్నాడు.
అమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది.
ఇరవై రెండేళ్ళుగా కార్పొరేషన్ చీపురు పట్టి
ఇంకా కాంట్రాక్టులోనే ఉన్న చెయ్యి అది.
పర్మినెంటు అనే మాటని మా ఇంట్లో
దేవుడి పటాల పక్కన పెట్టుకుంటాం.

అక్క అందరి మాటా విన్నది.
చివర్లో ఒకటే అడిగింది:
"మోకాలు పోతే?"

శుభం పలకమ్మా అన్నాడు మొదటాయన.
రెండో ఆవిడ కొయ్య కోసం వెతికి
మా తలుపు మీద మూడుసార్లు కొట్టింది.
మూడో ఆయన, మోగని ఫోను చెవిన పెట్టుకుని
బయటికి నడిచాడు.

నాన్న విసుక్కున్నాడు:
కాలేజీ మాట్లాడుతుంటే కాలి గోలేంటే,
బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడతావు!

నాన్నకి తెలీదు. నాకు తెలుసు.
పులియంతోపు అరుళ్‌మేరి అక్క
మా అందరికన్నా ఎత్తు ఎగిరేది.
రెండో ఏడు సెమీఫైనల్లో, కిందికి దిగుతుంటే,
ఎండు కొమ్మ విరిగిన చప్పుడు.
పూలగుత్తి తెచ్చారు, చందా వేశారు,
నెల తిరక్కుండా హాస్టల్లో మంచం ఖాళీ చెయ్యమన్నారు.
ఇప్పుడు పెరంబూరులో ఒక చీరల కొట్టులో
పై అరల్లో సరుకు దించుతుంది,
స్టూలు అక్కర్లేకుండా.

నాలుగో కాలేజీకి మేమే వెళ్ళాం,
రెండు బస్సులు మారి, రాయపురం దాటి.
సిమెంటు కోర్టు. ఒక రింగుకి వల లేదు,
రెండోదానికి ఉన్నదాన్ని వల అనలేం.
ఉప్పుగాలికి స్తంభాలు పొట్టు పొట్టుగా రాలుతున్నాయి.
పద పోదాం అని చెయ్యి లాగాను.

పక్కన బల్ల దగ్గర ఒకమ్మాయి
పట్టీ వేసిన కాలు కుర్చీ మీద చాపుకుని
స్కోరు రాస్తోంది.
ఎన్నాళ్ళయింది అని అక్క తమిళంలో అడిగింది.
పద్నాలుగు నెలలు.
ఉండేది?
హాస్టల్లోనే. మూడో ఏడు. కామర్సు.
మరి భోజనం?
ఆ అమ్మాయి వింతగా చూసింది:
"అందరితో పాటే."

కోచ్ టీచర్ వచ్చి ఏదో మొదలెట్టింది,
ఎత్తు గురించి కాదు,
ఎడమచెయ్యి ఎందుకలా దాచుకుంటావని.
అక్క అప్పటికే ఫారం అడుగుతోంది.

ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.
రైల్వే అన్న మాట గోడ మీద బల్లిలా కదలకుండా ఉండిపోయింది.
అమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు.
నిజం చెప్పాలంటే నేనూ అంతే,
ఆ చెక్క ఫ్లోరు మీద ఒక్కసారైనా
నా ఐదడుగుల నీడ చూసుకోవాలని ఉండింది.

కాలేజీలో సీటొస్తే తలనీలాలిస్తానని
పెంచలకోన స్వామికి నాన్న ఎప్పుడో మొక్కాడంట.
ఏ కాలేజీ అని చెప్పలేదు కదా, మొక్కు మొక్కే అంటూ
నెల్లూరు రైలెక్కాడు.

ఆదివారం రాత్రి తిరిగొచ్చాడు,
నున్నటి గుండు, ఎండిన చందనం.
అన్నం కూడా తినకుండా నువ్వులనూనె వెచ్చబెట్టి
గుమ్మంలో కాళ్ళు చాపుకున్న అక్క ముందు కూర్చుని
తల వంచి మర్దన మొదలెట్టాడు.
మెట్ల లైటు
గుండు మీదా మోకాలి మీదా ఒకేలా మెరుస్తోంది.
నాకు నవ్వొచ్చింది గానీ నోరు విప్పలేదు.

"ఇంకొంచెం పైన నాన్నా" అంది అక్క.