ఉద్దేశం అనే గడి

మెట్ల కింద యెజ్డీ మీద
ఉల్లిపాయల బుట్ట పద్దెనిమిదేళ్లు కాపురం చేసింది.
ట్యాంకు మీద పొట్టు, హ్యాండిలుకి తడిగుడ్డ,
వెనక టైరులో గాలి ఎప్పుడు పోయిందో
గాలికే తెలియదు.

ఎందుకు ఆపేశావని అడిగితే
చెప్పడానికి కథేం లేదు.
పడలేదు. ఎవర్నీ గుద్దలేదు. ఎవరూ వద్దనలేదు.
ప్రమోషనొచ్చింది, ఆఫీసు జీపొచ్చింది,
జీపులోకి ఫైళ్లొచ్చాయి, ఆ తర్వాత నడుం నొప్పి.
అంతే.
కొన్ని ఇష్టాలు చచ్చిపోవు,
బదిలీ మీద వెళ్తాయి.

కొత్తపేట నాగుల్ మీరా కార్బురేటర్ విప్పి
పిట్టపిల్లని పట్టుకున్నట్టు అరచేతిలో పెట్టుకున్నాడు.
"మా నాయన చెప్పేవోడు డాక్టరమ్మా,
ఈ బండికి గేదె కష్టం తెలుసంట."
పదకొండు రోజులుంచుకున్నాడు.

ఇయ్యాల తెల్లారుజామున, మాఘం చలిలో,
బ్రాడీపేట నాలుగో లైన్లో కిక్కు కొట్టాను.
ఆరోసారికి మోకాలు నన్ను తిట్టింది,
ఏడోసారికి ఎదురింటి కుక్క లేచింది,
ఎనిమిదికి బండి లేచింది.
కిక్కు రాడ్డునే లోపలికి నొక్కి ముందుకి తిప్పితే గేరు:
ఈ సంగతి నేను మర్చిపోయాను,
ఎడమ పాదం మర్చిపోలేదు.

చుట్టుగుంట దాటాక మిర్చి యార్డు.
హెల్మెట్‌లో తుమ్మితే
తుమ్ము ఎటూ పోదు, మళ్లీ మన మొహం మీదికే.
వరసగా మూడు.
బండీ దగ్గింది, నేనూ దగ్గాను.
టిక్కీలు దించుతున్న ముఠా మనిషొకడు
తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

నల్లపాడు తర్వాత రోడ్డు వదులైంది.
మూడో గేరు.
పత్తిచేల మీదుగా చల్లటి గాలి ఒక పాయ,
ఇటుకబట్టీ పక్కన వెచ్చటిది ఇంకో పాయ,
కాలవ దగ్గర నాచు వాసన.
జీపులో ఇన్నేళ్లు ఇదే దారిన తిరిగాను,
ఇది ఇన్ని గాలుల రోడ్డని
అద్దం ఒక్కసారీ చెప్పలేదు.

అప్పట్లో ఎప్పుడు బండెక్కినా
ఎక్కడో ఒక గేదె ఈనలేక అరుస్తుండేది.
భుజం దాకా చెయ్యి పెట్టి
దూడ కాళ్లు సరిచేసి లాగేదాకా
నాకు రోడ్డు కనపడేది కాదు, గుంటలే కనపడేవి.
కానీ తిరుగుదారిలో,
ఒంటి నిండా ఉమ్మనీటి వాసన,
సంచిలో రైతు పెళ్లాం ఇచ్చిన జున్నుపాల సీసా,
ఫిరంగిపురం వైపు చుట్టు తిరిగి
కొండవీటి కొండలు దగ్గరయ్యేదాకా పోయొచ్చేదాన్ని.
ఆ తొమ్మిది కిలోమీటర్లు
టూర్ డైరీలో ఏ రోజూ ఎక్కలేదు.
ఉద్దేశం అనే గడిలో ఏం రాయాలో తెలియక
వాటి పెట్రోలు నా జీతంలోంచే పోసుకున్నాను.

పేరేచర్ల టీ బంకు దగ్గర ఆగాను.
ఇంజను ఆగినా చేతుల్లో ఆగలేదు,
గ్లాసు అంచు దాటి టీ తొణికింది.
"ఎందాకా మేడమ్?"
నాలిక మీదికి పాత జవాబే వచ్చింది,
ఏదో ఊరు, ఎవరిదో గొడ్డు.
మింగేసి, "ఊరికే" అన్నాను.
అతనికేం వింతగా లేదు,
చిల్లర వెతుక్కుంటున్నాడు.

ఊరికే కొండల దాకా పోయాను.
తొమ్మిది కిలోమీటర్లూ
పెట్టినచోటే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర.
సైలెన్సర్లు రెండూ టిక్కుటిక్కుమని చల్లారుతున్నాయి.
మా వీరరాఘవులు గారు అలవాటుగా
ఉల్లిపాయల బుట్ట తెచ్చి సీటు మీద పెట్టబోయారు.
"ఆగండి, ఇంకా వేడిగా ఉంది" అన్నాను.
బుట్ట చేతుల్లోనే పట్టుకుని
అక్కడే నిలబడ్డారాయన,
ఎక్కడ పెట్టాలో చూస్తూ.