కాళ్ళకు నీడ

జ్ఞానాపురంలో మా డాబా మీద
ఆకుపచ్చ అంటే సగం నలుపు.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే చాలు
ఆరేసిన తెల్ల యూనిఫాం మీద
బొగ్గు తన హాజరు వేసుకుంటుంది.

ఇక్కడ తీగ పెంచుతారా అని
ఇంటాయన లాజరు మాస్టారు నవ్వారు.
పెంచుతానని నేననలేదు.
ఒకామె చేతిలో పెట్టి వెళ్ళింది, అంతే.

పాంగి బుద్రి. అనంతగిరి అవతల ఏదో ఊరు.
పిల్లాడికి మలేరియా.
కేజీహెచ్‌లో పదకొండు రాత్రులు
నా డ్యూటీలోనే మంచం కింద పడుకుంది.
మళ్ళీ చూపించుకోడానికి వచ్చిన రోజు
తడిగుడ్డలో చుట్టి తెచ్చింది
రెండు కణుపుల ముక్క.
పేరు కూడా చెప్పింది.
పక్క మంచం మీద ఎవరో ఏడుస్తున్నారు,
వినపడలేదు.
వినపడింది ఒక్కటే:
"కాళ్ళు సల్లగుండాల, నెత్తి ఎండల ఉండాల."

పాత పెయింటు డబ్బాకి
కాల్చిన మేకుతో అడుగున ఏడు చిల్లులు.
బీచి ఇసుక వద్దు, ఉప్పు.
డ్యూటీ రూములో మిగిలిన టీ పిప్పి, గుడ్డు పెంకులు,
గోశాల దగ్గర కొన్న ఎరువు.
హుద్‌హుద్‌కి ఎగిరిపడ్డ బంగళా పెంకులు
మెట్ల కింద ఇంకా ఉన్నాయి,
వాటినే మొదలు చుట్టూ పేర్చాను.
ఒకప్పుడు ఇంటికి నీడైనవి
ఇప్పుడు రెండు వేళ్ళ వెడల్పు మట్టికి నీడ.

లావు కర్ర పాతితే పట్టుకోలేదు.
దీనికి నులితీగలు లేవు,
ఆకు కాడే వేలై చుట్టుకుంటుంది.
పురికొస కట్టాక తెల్లారేసరికి పట్టేసింది.
అప్పుడే పుట్టిన పిల్లలూ అంతే,
అరచేయి ఇస్తే తెలీదు వాళ్ళకి,
ఒక వేలు ఇవ్వాలి.

నైట్ దిగి వచ్చి, స్నానానికి ముందు
ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడుస్తాను.
గుడ్డ నల్లబడుతుంది.
మర్నాడు మళ్ళీ.
ఏడాదంతా ఇదే, ఒక్క మొగ్గ లేదు.

మే నెలలో ఎండిపోయింది.
కింద వాటా అంతోనమ్మ పైకొచ్చి
"సచ్చిపోనాది మేడమ్, పీకీయండి" అంది.
ఆ మాట చెప్పడం నా పని కాదు,
మా దగ్గర అది డాక్టరు చెప్పాలి, టైము రాయాలి.
గోటితో కాడ గీరాను.
గోధుమ రంగు కింద
సన్నగా, దారమంత పచ్చ.
కుట్లు విప్పే కత్తెరతో
మోకాలెత్తుకి కోసేశాను.
అంతోనమ్మ శిలువ గుర్తు వేసుకుంది,
ఎవరి కోసమో అడగలేదు.

వానలకి లేచింది.
కార్తీకంలో పూసింది, అవి పూలంటే పూలే:
తెలుపూ కాదు, పచ్చా కాదు,
గోరంతైనా లేవు.
మాస్టారి మనవరాలు ఫోనులో ఫొటో తీసి
"క్లెమాటిస్ అట ఆంటీ" అంది.
అందులో చూపించినవి అరచేతంత ఊదాపూలు.
"మరి మీవేంటి ఇలా ఉన్నాయి?"
అవి చలిదేశాల గేట్ల మీద పాకేవమ్మా,
ఇది కొండ దిగి బస్సులో నిలబడి వచ్చింది.

పుష్యంలో ఆ పూలన్నీ
నెరిసిన జుట్టయ్యాయి.
ఒక్కో గింజకీ ఒక్కో తెల్లటి ఈక.
మా గోడ అవతలే రైలు పట్టాలు.
ఇనుపరాయి మోసుకుని అరకు మీదుగా దిగిన బళ్ళు
పోర్టులో ఖాళీ అయ్యి
అదే దారిన మళ్ళీ కొండెక్కుతాయి.
ఆ సాయంత్రం గాలి సముద్రం మీంచి వీచింది.
ఎన్ని ఎగిరాయో, ఎన్ని పట్టాల్లో పడ్డాయో,
ఒకటైనా ఏ ఖాళీ పెట్టెలో కూర్చుందో,
నేను చూడలేదు.
నోట్లో క్లిప్పులు పెట్టుకుని దుప్పటి ఆరేస్తున్నాను.

బుద్రి మళ్ళీ రాలేదు.
రాకపోవడం మా వార్డులో
చాలాసార్లు మంచి కబురే.
చాలాసార్లు.

కింద మోటారు వేసినట్టున్నారు.
పెంకుల మీద నీళ్ళు చల్లాలి.